కాపలా కాయకండి, కనిపెట్టుకుని ఉండండి

ఈసారి వచ్చిన ఉత్తరం పెద్దది. పేరు బయటపెట్టొద్దని రాశారు కాబట్టి, ఆ మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి విషయం చెబుతాను.

ఆవిడ పదకొండు మంది ఉన్న టీమ్‌కి లీడ్. మూడేళ్లుగా అందరూ ఇంటి నుంచే, ఒక్కొక్కరు ఒక్కో ఊళ్లో కూర్చుని పనిచేస్తున్నారు. వాళ్లలో ఐదుగురిని ఆవిడ ఇంతవరకు నేరుగా చూడనేలేదు. టీమ్‌లో ఒక అబ్బాయి ఉన్నాడు, ఒక్కడే ఉంటాడు. చేరిన కొత్తలో మీటింగ్‌కి అందరికంటే ముందు వచ్చి ఒక్కొక్కరినీ పేరుపేరునా పలకరించేవాడు. ఆరు నెలల నుంచి కెమెరా పెట్టడం మానేశాడు. పేరు పెట్టి పిలిస్తే పలకడానికి నాలుగైదు సెకన్లు పడుతోంది. మెసేజ్‌లకి జవాబులు రాత్రి రెండింటికీ మూడింటికీ వస్తున్నాయి. ఎప్పుడూ తప్పులు చేయనివాడు చిన్నచిన్నవి కూడా వదిలేస్తున్నాడు.

ఆమధ్య ఒక మీటింగ్‌లో పొరపాటున అతని కెమెరా ఆన్ అయింది. "పట్టపగలు పన్నెండింటికి కర్టెన్లన్నీ వేసి ఉన్నాయి. చీకట్లో స్క్రీన్ వెలుగొక్కటే మొహం మీద పడుతోంది. గడ్డం మాసిపోయి, కళ్లు లోపలికి పోయి, ఒక్క క్షణం అతనేనా అనుకున్నాను" అని రాశారావిడ. కంగారులో అందరి ముందే "ఏమైంది, బాగానే ఉన్నావా?" అని అడిగేశారు. "బాగానే ఉన్నాను మేడమ్" అని అతను కెమెరా ఆపేశాడు. అప్పటి నుంచి మాట ఇంకా తగ్గింది. మొన్న ఒక రాత్రి చాట్‌లో అతను ఏదో రాస్తున్నట్టు మూడు చుక్కలు కదిలాయట. ఆగాయి, మళ్లీ కదిలాయి. ఏమీ రాకుండానే పోయాయి.

పైవాళ్ల ఒత్తిడి వేరే ఉంది. ఆ అబ్బాయిని పిప్‌లో పెట్టమంటున్నారు. ఇన్ని వారాల్లో పని మెరుగుపడాలి, లేదంటే ఉద్యోగం పోతుందని చెప్పే కాగితం అది. టీమ్ మొత్తానికీ పది నిమిషాలకోసారి స్క్రీన్ ఫొటో తీసే సాఫ్ట్‌వేర్ పెడదామంటున్నారు. "లేదా అందరినీ ఆఫీసుకి పిలిచేద్దాం" అని ఇంకో మాట. మానసిక ఆరోగ్యం కోసమని కంపెనీ ధ్యానం నేర్పే యాప్ ఒకటి ఇచ్చింది. ఈవిడ తన వంతుగా శుక్రవారం సాయంత్రాలు ఆన్‌లైన్‌లో ఆటలు పెట్టారు. మొదటి వారం అందరూ వచ్చారు, ఐదో వారానికి నలుగురు మిగిలారు.

చివర్లో ఇలా అడిగారు: "నేను మేనేజర్‌ని మాత్రమే. డాక్టర్‌ని కాదు, అతని అక్కనీ కాదు. ఎంతవరకు వెళ్లొచ్చు? వెళ్లకపోతే, రేపు ఏదైనా జరిగితే?" ఆ కింద, ఎప్పుడో తర్వాత చేర్చినట్టు ఒక వాక్యం ఉంది: "నాకూ ఈ మధ్య నిద్ర పట్టడం లేదు."

ఇక మీతో మాట్లాడతాను.

ముందు ఆ మూడు చుక్కల సంగతి. మీ ఉత్తరంలో వాటి గురించి రెండుచోట్ల రాశారు. బహుశా అది పని గురించిన సందేహమే అయి ఉండొచ్చు. కాకపోయినా కావచ్చు. ఏదైనా సరే, అర్ధరాత్రి అతనికి ఏదో చెప్పాలనిపించి, రాయడానికి తెరిచింది మీ పేరే. అందరి ముందు అడిగినందుకు అతను మీకు పూర్తిగా దూరమైపోయాడని మీరు భయపడుతున్నారు. అంత దూరం పోలేదని ఆ చుక్కలే చెబుతున్నాయి.

అందరి ముందు అడగడం పొరపాటేనని మీకే తెలుసు కాబట్టి దాన్ని సాగదీయను. పదిమంది చూస్తుండగా అడిగితే ఎవరైనా "బాగానే ఉన్నాను" అనే అంటారు. అక్కడ ఇంకో జవాబుకి చోటు లేదు. ఒక్క మాటతో సర్దుకునే పొరపాటు ఇది. ఆ మాట ఎలా చెప్పాలో తర్వాత రాస్తాను.

మేనేజర్ ఎంతవరకు వెళ్లాలన్నది మంచి ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మానసిక ప్రథమ చికిత్స గురించి ఒక చిన్న పుస్తకం తెచ్చింది. విపత్తుల్లో చిక్కుకున్నవారికి సాయపడే మామూలు మనుషుల కోసం రాసింది. అందులోని పద్ధతి అంతా మూడు పనుల్లో ఉంటుంది: చూడటం, వినడం, అవసరమైన సాయంతో కలపడం. రోగం పేరు చెప్పడం అందులో లేదు, మనసులో ఉన్నదంతా కక్కించడం లేదు, నయం చేయడం అసలే లేదు. మీ హద్దు కూడా అక్కడే గీసుకోవచ్చని నా అభిప్రాయం. చూడటం అప్పుడే చేశారు. వినడం మిగిలింది. కలపడం ఆ తర్వాతి మాట.

ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగంలో ఈ "చూడటం" దగ్గరే అసలు చిక్కు. ఆఫీసులో ఒక మనిషి నలిగిపోతుంటే చెప్పకుండానే తెలుస్తుంది. భోజనానికి లేవకపోవడం, లిఫ్ట్‌లో పలకరిస్తే వినపడకపోవడం, రెండు రోజులుగా అదే చొక్కా. పక్క సీటువాళ్లు "ఏంటి సంగతి" అంటారు. అది ఎవరి ఉద్యోగ బాధ్యతా కాదు, అయినా రోజూ జరిగిపోతుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి ఆ కళ్లు ఉండవు. వాళ్ల పని కనిపిస్తుంది, వాళ్లు కనిపించరు. పడిన కష్టం ఎవరికీ తెలియదు, జరిగిన ఆలస్యం మాత్రం అందరికీ తెలుస్తుంది. అందుకే చాలామంది చాట్‌లో తమ పేరు పక్కన, ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపే ఆకుపచ్చ చుక్క ఆరిపోకుండా చూసుకోవడమే ఒక పనిగా పెట్టుకుంటారు. స్నానానికి వెళ్లినా ఫోన్ పట్టుకెళ్తారు.

నాతో ఒకాయన అన్నమాట ఇప్పటికీ మర్చిపోలేను. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి పార్శిల్ తెచ్చినతనికి థాంక్స్ చెప్పబోతే గొంతు పెగల్లేదట. ఎందుకా అని ఆలోచిస్తే, ఆ రోజు ఆయన నోటితో పలికిన మొదటి మాట అదేనని తెలిసింది. పొద్దున్నుంచి రెండొందల మెసేజ్‌లు రాశాడు. ఎవరితోనూ మాట్లాడలేదు.

దీనికి తోడు ఇంకొకటి జరుగుతుంది. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలో 61 వేల మంది ఉద్యోగులు 2020 మొదటి ఆరు నెలల్లో ఎవరితో ఎంత మాట్లాడుకున్నారో పరిశోధకులు లెక్కతీశారు. అందరూ ఇళ్లకు వెళ్లాక ఎవరి గుంపులో వాళ్లు ముడుచుకుపోయారు. వేరే విభాగాలవాళ్లతో ఉండే చిన్నచిన్న పరిచయాలు సన్నగిల్లాయి. మీ టీమ్‌లోనూ అదే జరిగి ఉంటుంది. ఒంటరిగా ఉండే మనిషికి పనికి సంబంధించిన ప్రపంచమంతా కుదించుకుపోయి చివరికి ఒకే ఒక్క మనిషి దగ్గర ఆగుతుంది. ఇక్కడ ఆ మనిషి మీరు. మీకు ఇంత బరువుగా అనిపించడానికి కారణం మీ మెతకదనం కాదు. పదిమంది పంచుకోవాల్సిన గమనింపు మీ ఒక్కరి మీద పడింది.

అతనితో మాట్లాడే విషయానికి వస్తాను. ఇందులో మీ ముందు మూడు దారులున్నాయి.

ఏమీ అడగకుండా, పని తగ్గించి కొన్నాళ్లు చూడటం ఒకటి. మర్యాదగానే కనిపిస్తుంది. కానీ కారణం చెప్పకుండా పని తగ్గిస్తే, ఆ స్థితిలో ఉన్న మనిషి "నన్ను పక్కన పెట్టేస్తున్నారు" అనే చదువుకుంటాడు. హెచ్ఆర్‌కి చెప్పి వాళ్లని మాట్లాడమనడం రెండోది. మీ సంస్థలో హెచ్ఆర్ మీద నిజంగా నమ్మకం ఉంటే పనికొస్తుంది. మీ ఉత్తరం చదివితే అలా అనిపించలేదు. ఎవరో తెలియని మనిషి నుంచి ఉన్నట్టుండి క్యాలెండర్ పిలుపు వస్తే అతను ఉద్యోగం పోయిందనే అనుకుంటాడు. మీరే నేరుగా మాట్లాడటం మూడోది. నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ. అయితే దీనికీ వెల ఉంది. ఒకసారి అడిగాక అతను ఏం చెప్పినా వినడానికి సిద్ధపడాలి, ఆ తర్వాత వదిలేయకూడదు. ఒకరోజు ఎంతో ఆదరంగా అడిగి, మూడు వారాలు పట్టించుకోకపోవడం అసలు అడగకపోవడం కంటే ఎక్కువ బాధపెడుతుంది.

మాట్లాడేటప్పుడు వీడియో వద్దు. మామూలు ఫోన్ కాల్ చాలు. వీడియోలో ఎదుటి మొహం మరీ దగ్గరగా ఉంటుంది, తన మొహం తనకే కనిపిస్తుంటుంది, కుర్చీలోంచి కదలడానికి ఉండదు. వీడియో కాల్స్ మనిషిని ఎందుకంత అలసట పెడతాయో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్‌సన్ 2021లో వివరిస్తూ చెప్పిన కారణాల్లో ఇవే ఉన్నాయి. మనసు బాగోలేనివాడికి తన మొహమే తన కళ్లముందు ఉండటం ఎంత కష్టమో ఊహించండి. నడుస్తూ మాట్లాడుకుందామనండి. మీరూ నడవండి. పక్కపక్కన నడిచేటప్పుడు నోరు విప్పినంత తేలిగ్గా ఎదురెదురుగా కూర్చుంటే విప్పలేం. ఫోన్‌లో నడక దానికి కాస్త దగ్గరగా ఉంటుంది. అతను బయటికి రానంటే బలవంతం చేయకండి.

"ఎలా ఉన్నావ్?" అని మొదలుపెట్టకండి. దానికి జవాబు అలవాటుగా వచ్చేస్తుంది. మీరు గమనించినదే చెప్పండి. "ఈ మధ్య నీ మెసేజ్‌లు రాత్రి రెండింటికి వస్తున్నాయి. ఇదివరకు అలా ఉండేది కాదు. నిద్ర ఎలా ఉంటోంది?" నిద్ర గురించి అడగడంలో ఒక సౌకర్యం ఉంది. మనసు బాగోలేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్లు కూడా నిద్ర పట్టడం లేదని చెబుతారు. అక్కడి నుంచి మాట కదులుతుంది. అడిగాక ఆగండి. ఫోన్‌లో ఆరు సెకన్ల నిశ్శబ్దం చాలా పొడుగ్గా ఉంటుంది. మీటింగ్‌లో పలకడానికి అతనికి నాలుగైదు సెకన్లు పడుతోందని మీరే రాశారు. ఆ సెకన్లు అతనికి ఇవ్వండి. "పోనీలే, పర్వాలేదు" అని మీరే పూడ్చేయకండి.

అతను చెప్పడం మొదలుపెడితే సలహాలు తోసుకొస్తాయి. యోగా, వ్యాయామం, సెలవు పెట్టి ఊరెళ్లడం. అన్నీ మంచివే, ఆ రోజుకి మాత్రం వద్దు. "ఎన్నాళ్ల నుంచి?" "రోజులో ఏ సమయం మరీ కష్టంగా ఉంటోంది?" "ఇంకెవరికైనా చెప్పావా?" ఈ మూడూ అడిగితే చాలావరకు తెలుస్తుంది. "నాకూ ఇలాగే అయింది" అని మీ కథలోకి వెళ్లకండి. చెప్పాలనిపిస్తే ఒక్క వాక్యం చాలు.

అతనికి వచ్చింది డిప్రెషనా, అలసటా, మరొకటా అని తేల్చడం మీ పని కాదు. ఇంటర్నెట్‌లో దొరికే పీహెచ్‌క్యూ-9 లాంటి ప్రశ్నావళి పంపి నింపమనడమూ వద్దు. గత రెండు వారాల్లో మనసు ఎలా ఉందో తొమ్మిది ప్రశ్నలతో అంచనా వేసే సాధనం అది. డాక్టర్ల చేతిలో ఉపయోగపడుతుంది. పై అధికారి పంపితే పరీక్ష అవుతుంది. అందులోని రెండు వారాల కొలత మాత్రం గుర్తుంచుకోండి. ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, మనసు కుంగిపోయి ఉండటం దాదాపు రోజూ ఉంటూ రెండు వారాలు దాటితే, "డాక్టర్‌ని ఒకసారి కలువు" అనడానికి అది న్యాయమైన కారణం. మీ అబ్బాయి విషయంలో ఆరు నెలలు అయింది.

ఇప్పుడు మీరు ఉత్తరంలో సగంలో ఆపేసిన మాట. "రేపు ఏదైనా జరిగితే" అన్నారు. మాటల్లో అతను "ఇదంతా ఎందుకు అనిపిస్తోంది", "నేను లేకపోయినా ఎవరికీ తేడా ఉండదు" లాంటివి అంటే, చుట్టూ తిరగకుండా నేరుగా అడగండి: "చనిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. ఈ విషయం మీద జరిగిన పరిశోధనల్లో అడగడం వల్ల ముప్పు పెరిగినట్టు తేలలేదు, అడిగినందుకు ఊరట పొందినవాళ్లే కనిపించారు. అతను అవునంటే, ఇక అది మేనేజర్ హద్దు, మర్యాద హద్దు చూసుకునే సమయం కాదు. ఫోన్ పెట్టేయకండి. ఎలా చేసుకోవాలో ఆలోచించాడా, చేతిలో ఏమైనా ఉందా అడగండి. అతని దగ్గరికి మనిషి చేరేలా చూడండి. స్నేహితుడో, ఇంటివాళ్లో, ఎవరూ లేకపోతే అత్యవసర సేవలవాళ్లో. కాబట్టి ఫోన్ చేయడానికి ముందే రెండు నంబర్లు దగ్గర పెట్టుకోండి: అతనుండే చోట పనిచేసే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌ది ఒకటి, ఉద్యోగంలో చేరినప్పుడు అతను ఇచ్చిన అత్యవసర పరిచయం ఇంకొకటి. ఆ రెండో నంబర్ మార్చి ఎన్నేళ్లయిందో చూడండి. దూరం నుంచి పనిచేసే టీముల్లో ఈ చిన్న కాగితం పనే ఎవరూ చేయరు.

"ఎవరికీ చెప్పొద్దు" అని మాట తీసుకోబోతాడు. ఇవ్వకండి. "నీ ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే తప్ప, నువ్వు సరే అనకుండా ఎవరికీ చెప్పను" అనండి. నిలబెట్టుకోగలిగే మాట అది.

పిప్ గురించి. మీరు వెంటనే ఒప్పుకుంటే పైవాళ్లతో గొడవ ఉండదు. అతనికి మాత్రం అప్పటికే తనకు తాను వేసుకున్న శిక్ష మీద కంపెనీ ముద్ర పడుతుంది. పూర్తిగా అడ్డం తిరిగితే ఒకట్రెండు నెలలు ఆపగలరు. ఆ తర్వాత మీ మాటకి విలువ తగ్గుతుంది, అతని పని భారం మిగతా పదిమంది మీద పడుతుంది, వాళ్లలో ఇంకొకరు కుంగుతారు. మధ్యలో ఒకటుంది. గడువు అడగండి. "ఆరు వారాలు ఇవ్వండి. ఈ ఆరు వారాల్లో అతనికి ఇచ్చే పని ఇదీ, నేను చూసే మార్పు ఇదీ" అని రాసి ఇవ్వండి. అతని ఆరోగ్యం గురించి ఒక్క ముక్క కూడా ఆ కాగితంలో రాయొద్దు. పని ఎలా మారుస్తున్నారో మాత్రం రాయండి: నాలుగు పనులకు బదులు రెండు, రోజు మధ్యలో కలిసి చూసుకునే అరగంట, రాత్రి వేళ జవాబు ఆశించకపోవడం. అతనికి తెలియకుండా అతని గురించి ఏ కాగితమూ పైకి పంపకండి. ఆరు వారాల తర్వాత మార్పు రాకపోవచ్చు కూడా. అప్పుడు వైద్యం కోసం సెలవు అడగడం, పని మార్చడం లాంటివి అతనితో కలిసే ఆలోచించాలి. మీ ప్రేమతో అన్నీ బాగైపోతాయని నేను చెప్పను.

స్క్రీన్ ఫొటోల సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం నేను ఒక పక్షమే. మన భాషలో "కనిపెట్టుకుని ఉండటం" అనే మాట ఉంది. జ్వరంతో పడుకున్నవాళ్ల పక్కన కూర్చున్నవాళ్లని అంటాం, కనిపెట్టుకుని ఉన్నారని. కాపలా కాయడం వేరు. రెండింటిలోనూ కళ్లు ఒక మనిషి మీదే ఉంటాయి, కానీ కాపలా అంటే తప్పు చేస్తాడని ఎదురుచూడటం, కనిపెట్టుకుని ఉండటమంటే కష్టం వస్తే అందుకోవడానికి సిద్ధంగా ఉండటం. ఆ సాఫ్ట్‌వేర్ అతని చీకటి గదిని చూడలేదు, స్క్రీన్ మీద తెరిచిన విండోలు మాత్రం లెక్కపెడుతుంది. పది నిమిషాలకోసారి ఫొటో పడుతుందని తెలిస్తే మనుషులు మౌస్ కదుపుతూ కూర్చోవడం నేర్చుకుంటారు, బాగోలేదని చెప్పడం మానేస్తారు. కాదనే అధికారం మీకు లేకపోతే కనీసం ఇవి అడగండి: ఏం చూస్తున్నారో అందరికీ ముందే చెప్పాలి, పని గంటలు దాటాక ఆగిపోవాలి, ఒక్కొక్కరి లెక్క కాకుండా టీమ్ మొత్తం లెక్క మాత్రమే పైకి వెళ్లాలి. పైవాళ్లకి నిజంగా కావలసింది పని జరుగుతోందన్న భరోసా. వారానికోసారి ఎవరు ఏం పూర్తిచేశారో ఒక పేజీ మీరే పంపడం మొదలుపెడితే, ఫొటోల అవసరం చాలావరకు తీరుతుంది. మీకు ఇంకో అరగంట పని పెరుగుతుంది. పెరిగినా మంచిదే అంటాను.

ఆఫీసుకి పిలవడం అంత తేలిగ్గా తోసిపారేసేది కాదు. చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణాల సంస్థలో నికొలస్ బ్లూమ్, ఆయన తోటి ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం ప్రసిద్ధమైంది. ఇష్టపడి ముందుకొచ్చిన కాల్‌సెంటర్ ఉద్యోగుల్లో లాటరీ తీసి కొందరిని 9 నెలలు ఇంటి నుంచి పనిచేయించారు. వాళ్ల పని 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు. కంపెనీ సంతోషించింది. కానీ ప్రయోగం అయ్యాక, ఇల్లో ఆఫీసో మీరే ఎంచుకోండి అంటే, ప్రయోగంలో ఉన్నవాళ్లలో సగం మందికి పైగా తమ ఎంపిక మార్చుకున్నారు. ఇంటి దగ్గర ఉన్నవాళ్లలో ఎందరో తిరిగి వెళ్లిపోయారు. వాళ్లు చెప్పిన పెద్ద కారణం ఒంటరితనం. పని అంకెలు బాగున్నా మనిషి బాగోకపోవచ్చని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. అదే సంస్థలో 1,612 మందితో తర్వాత జరిపిన అధ్యయనం 2024లో వెలువడింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవాళ్లలో పని తగ్గలేదు, ఉద్యోగం వదిలి వెళ్లేవాళ్లు మూడో వంతు తగ్గారు.

అంటే ఇల్లా, ఆఫీసా అన్నదానికంటే ఎంచుకునే వీలు ఉందా అన్నదే ముఖ్యం. అందరూ రావాలి అంటే చిన్నపిల్లలున్నవాళ్లు, పెద్దవాళ్లని చూసుకునేవాళ్లు ఇరుక్కుంటారు. ఎవరికిష్టమైతే వాళ్లు అంటే అందరికంటే రావాల్సిన మనిషే రాడు, కుంగిపోయినప్పుడు గడప దాటడమే కష్టం. మీ టీమ్ తలో ఊళ్లో ఉంది కాబట్టి మూణ్ణెల్లకోసారి రెండు రోజులు ఒకచోట కలిపే ఖర్చు అడగండి. అతనుండే ఊళ్లో పదిమంది కూర్చుని పనిచేసుకునే చోటేదైనా ఉంటే, వారానికి రెండు రోజులు అక్కడ సీటు ఇప్పించగలరేమో చూడండి. చుట్టూ మనుషుల అలికిడి ఉండటమే కొందరికి సగం మందు.

శుక్రవారం ఆటలు ఆపేయండి. మీ మంచి మనసుని తప్పుపట్టడం లేదు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లోనే ఒంటరితనం రెండు రకాలని చెప్పాడు: మనసు విప్పుకునే మనిషి లేకపోవడం ఒకటి, నేనూ ఈ గుంపులో ఒకణ్ణి అనిపించే పదిమంది లేకపోవడం ఇంకొకటి. వారమంతా అలిసిపోయి, మళ్లీ అదే స్క్రీన్ ముందు నవ్వాల్సిన ఆట ఈ రెండింటిలో దేన్నీ తీర్చదు. దానికి బదులు పనిలోనే తోడు పెట్టండి. ఒంటరిగా చేసే పనుల్లో కొన్నింటిని ఇద్దరిద్దరికి ఇవ్వండి, జతలు మారుస్తూ. రోజుకో గంట, కావలసినవాళ్లు కాల్‌లో ఉండి మాట్లాడకుండా ఎవరి పని వాళ్లు చేసుకునే ఏర్పాటు చేయండి. వింతగా ఉంటుంది కానీ కీబోర్డు చప్పుడు వినిపించడం కూడా తోడే. పదకొండు మంది కాల్‌లో నోరెత్తని మనిషి ముగ్గురి కాల్‌లో మాట్లాడతాడు. కెమెరా ఎవరి ఇష్టం వాళ్లది అని పైకి చెప్పండి.

కంపెనీ ఇచ్చిన ధ్యానం యాప్ ఉంటే ఉండనివ్వండి. కానీ పని పోగుపడటం వల్ల వచ్చిన నొప్పికి ఊపిరి పీల్చడం నేర్పితే సరిపోదు. బర్న్‌అవుట్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుల కింద కాకుండా, అదుపు చేయని ఉద్యోగ ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా నిర్వచించింది. 2022లో పనిచోట మానసిక ఆరోగ్యం మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, మేనేజర్లకి దీనిపై శిక్షణ ఇవ్వాలని గట్టిగా చెప్పింది. ఈ మాట పైవాళ్ల ముందు పెట్టండి. ఆందోళన, డిప్రెషన్ల వల్ల ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయన్న లెక్క కూడా ఆ సంవత్సరం ఐక్యరాజ్యసమితి సంస్థలు ఇచ్చినదే. అంకెల భాషే అర్థమయ్యేవాళ్లుంటారు, వాళ్లకి అది పనికొస్తుంది.

మీ నిద్ర గురించి రాసిన వాక్యం చివర్లో ఉంది కానీ నేను మొదట చదివినట్టే చదివాను. పదకొండు మందినీ గమనించే మిమ్మల్ని ఎవరు గమనిస్తున్నారో ఉత్తరంలో ఎక్కడా లేదు. మీకు నిద్ర పట్టక ఎన్ని రోజులైందో లెక్కపెట్టండి. పైన చెప్పిన రెండు వారాల కొలత మీకూ వర్తిస్తుంది. మీలాగే టీమ్‌లు నడిపేవాళ్లు ఇద్దరు ముగ్గురు మీ సంస్థలోనే ఉంటారు. వారానికోసారి వాళ్లలో ఒకరితో, పని ఎజెండా లేకుండా ఇరవై నిమిషాలు మాట్లాడటం మొదలుపెట్టండి. మీకంటే మీ టీమ్ ముందు చూసేది మీరు రాత్రి పదకొండింటికి పంపే మెసేజ్‌ని. పొద్దునకి షెడ్యూల్ చేసి పంపండి. మీరు పడుకుంటే వాళ్లూ పడుకోవచ్చని వాళ్లకి తెలుస్తుంది.

ఆ అబ్బాయికి మొదటి మెసేజ్ ఎలా రాయాలో తెలియడం లేదన్నారు. నేనైతే ఇలా రాస్తాను. మీ మాటల్లోకి మార్చుకోండి. రాత్రి కాకుండా పగటిపూట, ఆ తర్వాత అరగంట మీరు ఖాళీగా ఉండేలా చూసుకుని పంపండి.

"ఆ రోజు మీటింగ్‌లో అందరి ముందు నిన్ను అలా అడిగాను. అడక్కుండా ఉండాల్సింది, సారీ. పని గురించి కాదు ఇది. ఈ మధ్య నువ్వు బాగా అలిసిపోయినట్టు అనిపిస్తోంది, అదే నా మనసులో ఉంది. రేపు సాయంత్రం నేను నడకకి వెళ్తాను. వీలైతే ఐదింటికి ఫోన్ చేస్తాను, ఓ పావుగంట. మాట్లాడాలని లేకపోతే ఊరికే ఫోన్ ఆన్‌లో పెట్టి నాతో నడువు. జవాబు ఇప్పుడే ఇవ్వక్కర్లేదు."

చుక్కలు కదిలి ఆగిపోయినా, మర్నాడు ఐదింటికి ఫోన్ చేయండి.